రాజు ఒక్కడే పాలించలేదు: చరిత్ర పాఠ్యపుస్తకాలు రాసేవారికి బహిరంగ లేఖ

చరిత్ర పాఠ్యపుస్తకాలు రాసే రచయితలకు, వాటిని సరిచూసే సంపాదకులకు, సిలబస్ ఖరారు చేసే కమిటీల సభ్యులకు నమస్కారాలు.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పే టీచర్ని. రాజుల సలహా మండళ్ల గురించి పాఠాల్లో సరిగ్గా రాయాలన్న ఈ లేఖలోని అభ్యర్థననే ఇంతకుముందు సంబంధిత బాధ్యులకు రాతపూర్వకంగా పంపాను. అందిందన్న మాట కూడా రాలేదు. గుర్తు చేస్తూ మళ్లీ రాసినా అదే మౌనం. పుస్తకం కొత్త ముద్రణ వచ్చింది, పాఠంలో అక్షరం మారలేదు. అందుకే ఇప్పుడు మీతోపాటు తోటి టీచర్లూ తల్లిదండ్రులూ చదివేలా బహిరంగంగా రాస్తున్నాను. వేల ఏళ్ల చరిత్రను ఒక చిన్న పుస్తకంలో ఇమడ్చడం తేలిక కాదని నాకు తెలుసు. మీ శ్రమ మీద గౌరవంతోనే ఈ మాటలు.

నా ఫిర్యాదు ఇది. మన పాఠాల్లో రాజు ఒక్కడే కనిపిస్తాడు. యుద్ధం అతనే చేస్తాడు, చెరువు అతనే తవ్విస్తాడు, పన్ను అతనే వేస్తాడు, అతనే తీసేస్తాడు. ఆ నిర్ణయానికి ముందు ఎవరిని పిలిచి అడిగాడు? ఎవరు వద్దన్నారు? ఎవరు తలూపారు? వద్దన్నవాళ్లకు తర్వాత ఏమైంది? ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడింది? ఈ ప్రశ్నలు పాఠంలో ఎక్కడా ఉండవు. సలహా మండలి గురించి ఉండేది 'పాలనలో రాజుకు మంత్రులు సహాయపడేవారు' అనే ఒక్క వాక్యం. మరోచోట శివాజీ ఎనిమిది మంది మంత్రులైన అష్టప్రధానుల పేర్లతో ఒక పట్టిక, బిట్ పేపర్లో 'జతపరచండి'. పిల్లలు పేర్లు బట్టీ పడతారు, మార్కులు తెచ్చుకుంటారు, మర్చిపోతారు.

చివరికి వాళ్ల మనసులో మిగిలేది ఏమిటంటే, మంచి పాలన అంటే మంచి మనిషి దొరకడం. దొరికితే అదృష్టం, దొరక్కపోతే ఖర్మ. 'ఆ రాజు తప్పు చేస్తుంటే ఆపేవాళ్లే లేరా?' అని తరగతిలో పిల్లలు అడుగుతూనే ఉంటారు. దానికి జవాబు చరిత్రలో నిండుగా ఉంది, పుస్తకంలో లేదు. ఆ జవాబుల్లో కొన్నింటిని కింద రాస్తున్నాను. ఇవి ఎవరికీ తెలియని రహస్యాలు కావు. శాసనాల్లో, శాస్త్రగ్రంథాల్లో, పాత ప్రభుత్వ పత్రాల్లో ఉన్నవే.

1. సలహా తీసుకోవడాన్ని పాతవాళ్లు రాజు మంచితనానికి వదిలేయలేదు.

వేదకాలపు రాజసూయ యాగంలో రత్నహవిస్సులు అనే తంతు ఉంది. 'రత్నినులు' అని పేరున్న ముఖ్యుల ఇళ్లకు రాజు వరసగా తానే వెళ్లి, అక్కడ హవిస్సు సమర్పించాలి. ఆ ముఖ్యుల్లో పురోహితుడు, సేనాని, పట్టపురాణి, రథం నడిపే సూతుడు, ఊరి పెద్ద అయిన గ్రామణి, పన్ను వాటా చూసే భాగదుఘుడు ఉన్నారు. వాళ్లను తన దగ్గరికి పిలిపించుకోవడం కాదు, వాళ్ల గడపలోకి రాజే వెళ్లాలి. వాళ్ల మద్దతు లేకుండా సింహాసనం నిలవదన్న సంగతి ఆ తంతులోనే ఉంది.

కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇంకా సూటిగా మాట్లాడుతుంది. ఒక్క చక్రంతో బండి నడవదు, సహాయకులుంటేనే రాజ్యం సాగుతుంది, కాబట్టి మంత్రులను నియమించుకుని వాళ్ల మాట వినాలి అంటుంది. ఎంతమందితో ఆలోచించాలి అన్న చర్చ నాకు చాలా ఇష్టం. ఒకే ఒక్క మంత్రితో ఆలోచిస్తే కష్టమైన విషయాల్లో తేల్చుకోలేరు, పైగా ఆ ఒక్కడు అడ్డూ అదుపూ లేకుండా నడుచుకుంటాడు. ఇద్దరైతే, వాళ్లు కలిసిపోతే రాజును లొంగదీస్తారు, కొట్లాడుకుంటే పని చెడగొడతారు. ముగ్గురు నలుగురు ఉంటే అలా జరగడం కష్టం. రెండు వేల ఏళ్ల నాటి ఈ తర్కాన్ని ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పి చూడండి. క్లాస్ లీడర్ల ఎన్నిక దగ్గర్నుంచి ఇంట్లో నిర్ణయాల దాకా వాళ్లే ఉదాహరణలు తెస్తారు.

పెద్ద మంత్రి పరిషత్తులో ఎంతమంది ఉండాలన్నదానిపై వేర్వేరు సంప్రదాయాల లెక్కలను కూడా ఆ గ్రంథం నమోదు చేసింది. మనువు అనుయాయులు 12 అన్నారు, బృహస్పతి అనుయాయులు 16, ఉశనసుడి అనుయాయులు 20. కౌటిల్యుడు మాత్రం పని ఎంత ఉంటే అంతమంది అన్నాడు. దగ్గర లేనివాళ్ల అభిప్రాయం ఉత్తరం రాసి తెప్పించుకోమన్నాడు. అత్యవసరమైతే మంత్రులనూ పరిషత్తునూ పిలిచి విషయం చెప్పి, ఎక్కువమంది చెప్పింది గానీ, పని నెరవేర్చేది గానీ చేయమన్నాడు. ఆ 'గానీ'లో రాజుకు తప్పించుకునే దారి ఉంది. దాన్ని కూడా పిల్లలకు చెప్పాలి. సలహా మండళ్ల బలమూ బలహీనతా రెండూ ఆ ఒక్క సూత్రంలో కనిపిస్తాయి.

2. రాజాజ్ఞ మీద పరిషత్తులో వాదన జరగడం సాధారణమేనని అశోకుడే రాయించాడు.

ఆయన ఆరో బండ శాసనం మనకు దగ్గర్లో ఎర్రగుడిలో కూడా ఉంది. తాను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా ప్రజల సంగతులు తనకు చేరవేయాలని అందులో ఉంది. ఈ ముక్క పాఠాల్లో వస్తుంది. దాని వెంటనే ఉన్న ముక్క రాదు. తాను నోటిమాటగా ఇచ్చిన ఆజ్ఞ మీద గానీ, మహామాత్రులకు (ఉన్నతాధికారులకు) అప్పగించిన అత్యవసర పని మీద గానీ పరిషత్తులో వివాదం వచ్చినా, చర్చ జరిగినా వెంటనే తనకు తెలపాలని ఆ శాసనం చెబుతుంది. అంటే చక్రవర్తి మాట మీద పరిషత్తులో అభ్యంతరం రావచ్చు. అలా వస్తుందని చక్రవర్తికి తెలుసు. దాన్ని దాచకుండా బండమీద చెక్కించాడు. మొదటి ముక్క ఒక్కటే చెబితే అశోకుడు నిద్రలేకుండా ప్రజల కోసం తపించిన మహాపురుషుడు మాత్రమే. రెండోది కలిపితే ఆయన పాలన పనిచేసిన తీరు అర్థమవుతుంది.

3. జునాగఢ్ బండ మీద ఉన్న కథ.

దీని గురించి కాస్త ఎక్కువ రాయక తప్పదు, ఎందుకంటే నా ఫిర్యాదు మొత్తం ఇందులో కనిపిస్తుంది. ఇప్పటి గుజరాత్‌లోని సౌరాష్ట్రలో సుదర్శన తటాకం ఉండేది. చంద్రగుప్త మౌర్యుడి ప్రతినిధి పుష్యగుప్తుడు కట్టించాడు. అశోకుడి కాలంలో తుషాస్ఫుడు కాలువలు ఏర్పరిచాడు. శక సంవత్సరం 72లో, అంటే క్రీ.శ. 150 ప్రాంతంలో, పెద్ద తుపాను వచ్చి కట్ట తెగింది. గండి 420 మూరల పొడవు, అంతే వెడల్పు, 75 మూరల లోతు. నీళ్లన్నీ పోయాయి. ఒకప్పటి చెరువు ఎడారిలా అయిందని శాసనం అంటుంది.

అప్పటి రాజు శక మహాక్షత్రపుడు రుద్రదాముడు. ఆయన దగ్గర రెండు రకాల అధికారులుండేవారు. సలహా చెప్పే మతిసచివులు, పని జరిపించే కర్మసచివులు. గండి మరీ పెద్దది, మళ్లీ కట్టడం సాధ్యం కాదని వాళ్లు వెనక్కి తగ్గారు. వాళ్లు పనికిమాలినవాళ్లని శాసనం అనలేదు. అమాత్యులకు ఉండాల్సిన గుణాలన్నీ ఉన్నవాళ్లేనని ఒప్పుకుంటూనే, వాళ్లకు ఉత్సాహం లేకపోయిందని రాసింది. కట్ట ఇక లేవదని ప్రజలు హాహాకారాలు చేశారు. చివరికి ఆనర్త, సౌరాష్ట్ర ప్రాంతాలను చూస్తున్న సువిశాఖుడు అనే పహ్లవ (ఇరానీ మూలాల) అమాత్యుడి ద్వారా పని పూర్తయింది. ఖర్చు రాజు సొంత ఖజానా నుంచి వచ్చింది. పట్టణాల ప్రజలనూ పల్లె ప్రజలనూ పన్నులతో, వెట్టితో, బలవంతపు 'కానుకల'తో పీడించకుండా కట్టించామని, కట్ట మునుపటికన్నా మూడింతలు బలంగా లేచిందని శాసనం చెప్పుకుంది.

రాజు తన గొప్ప చెప్పుకోవడానికే ఈ శాసనం వేయించాడు, అందులో సందేహం లేదు. అయినా దీంట్లో ఎంత ఉందో చూడండి. సలహాదారులు కాదన్నారు. వాళ్లు కాదన్న సంగతి రాతిమీద నిలిచింది. రాజు ఆ సలహాను పక్కనపెట్టి వేరే అధికారిని నమ్మాడు. ఖర్చు ఎవరు భరించారన్నది ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. ఎందుకంటే మామూలుగా అలాంటి పనుల ఖర్చు పన్నూ వెట్టీ రూపంలో రైతుల మీదే పడేదని అందరికీ తెలుసు. సలహాదారులు తప్పు చేశారా, లేక ఖజానా గురించి భయపడటం వాళ్ల బాధ్యతేనా? ఒక పీరియడ్ మొత్తం దీని మీదే చర్చ పెట్టవచ్చు. పాఠంలో మాత్రం 'రుద్రదాముడు సుదర్శన తటాకాన్ని బాగుచేయించాడు' అని ఒక్క వాక్యం. దాంతో ప్రజల హాహాకారం పోయింది, వద్దన్నవాళ్లు పోయారు, పని చేసిన సువిశాఖుడూ పోయాడు, వెట్టి మాట కూడా పోయింది.

4. మండలిలో ఎవరు కూర్చుంటే నిర్ణయం వాళ్ల వైపే ఒరిగింది.

సలహా మండళ్లన్నీ ప్రజల కోసం పనిచేశాయని నేను చెప్పడం లేదు. అలా రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఇంగ్లండ్‌లో 1348లో మొదలైన ప్లేగు మహమ్మారికి జనం కుప్పలుగా చనిపోయారు. పనివాళ్లు కరువై కూలీ రేట్లు పెరిగాయి. రోగానికి భయపడి పార్లమెంటు కూడే పరిస్థితి లేదు. మూడో ఎడ్వర్డ్ రాజు తన మండలితో ఆలోచించి 1349 జూన్‌లో ఒక ఆజ్ఞ ఇచ్చాడు. 60 ఏళ్లలోపు వయసుండి, ఒళ్లు బాగున్నవాళ్లు, వేరే బతుకుదెరువు లేనివాళ్లు పిలిచిన పనికి వెళ్లాల్సిందే. కూలీ మాత్రం ప్లేగుకు ముందున్న రేటే. ఆ సలహా ఇచ్చినవాళ్లు బిషప్పులు, ప్రభువులు, పెద్ద చదువులవాళ్లు. పొలాలు వాళ్లవి, కూలీ ఇవ్వాల్సింది వాళ్లు. కూలి తీసుకునేవాడు ఆ గదిలో లేడు. 1351లో పార్లమెంటు దాన్ని ఇంకా గట్టి చట్టం చేసింది.

ముప్పై ఏళ్లకు, రెండో రిచర్డ్ బాలుడిగా ఉన్నప్పుడు, ధనికుడైనా పేదైనా తలకు 12 పెన్నీల లెక్కన తలపన్ను పడింది. 1381లో రైతులు తిరగబడి లండన్‌లోకి వచ్చారు. ఇక్కడ పిల్లలు ఆలోచించాల్సిన విషయం ఉంది. తిరగబడ్డవాళ్లు 14 ఏళ్ల రాజును ఏమీ అనలేదు. తాము రాజు పక్షమేనన్నారు. వాళ్ల కోపమంతా సలహాదారుల మీద. చాన్సలర్‌గా ఉన్న ఆర్చిబిషప్ సడ్బరీనీ, ఖజానా చూసే హేల్స్‌నూ చంపేశారు. తర్వాత రాజు ఇచ్చిన హామీలన్నీ వెనక్కి తీసుకున్నారు, నాయకులను ఉరితీశారు. 'రాజు మంచివాడే, చుట్టూ ఉన్నవాళ్లే చెడ్డవాళ్లు' అనే నమ్మకం ప్రజలకు ఎంత ఖరీదైందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. సలహా మండలి రాజుకు బుద్ధి చెప్పేదే కాదు, రాజు మీదికి రావాల్సిన నిందను మోసేది కూడా.

ఫ్రాన్స్‌లో 1787లో జరిగింది కూడా దీనికి దగ్గరిదే. ఖజానా దివాలా అంచున ఉంది. భూములున్న అందరి మీదా పన్ను వేద్దామని మంత్రి కలోన్ ప్రతిపాదన తెచ్చాడు. దాన్ని ఆమోదింపజేసుకోవడానికి పదహారో లూయీ 144 మంది ప్రముఖులతో సభ పిలిచాడు. అందులో ఎక్కువమంది ప్రభువులు, మతాధిపతులు, ఉన్నతాధికారులు. పన్ను మినహాయింపులు అనుభవిస్తున్నది వాళ్లే. వాళ్లు ఒప్పుకోలేదు. బరువు మళ్లీ సామాన్యుల మీదే ఉండిపోయింది. రెండేళ్లకు వచ్చిన ఫ్రెంచి విప్లవం మన పుస్తకాల్లో ఉంది. ఆ ముందు మెట్టు లేదు.

5. మండలిని తీసేసినా, అది కొందరి సొత్తయినా నష్టపోయింది సామాన్యులే.

చైనాలో మింగ్ వంశ స్థాపకుడు హోంగ్వూ 1380లో ప్రధానమంత్రి హూ వీయోంగ్ మీద రాజద్రోహం మోపి చంపించాడు. ఆ పదవినే రద్దు చేసి, మళ్లీ ఎవరూ పెట్టకూడదని వారసులను కట్టడి చేశాడు. పాలనంతా తన చేతుల్లోకి తెచ్చుకున్నాడు. ఒక సందర్భంలో ఎనిమిది రోజుల్లో వెయ్యికి పైగా నివేదికలు, మూడు వేలకు పైగా అంశాలు ఆయన ముందుకొచ్చాయి. అంత పని చేసే ఓపిక ఆయనకు ఉంది. తర్వాతి చక్రవర్తులందరికీ లేదు. ఆ ఖాళీలోకి మొదట కార్యదర్శులు, తర్వాత అంతఃపుర నపుంసకులు వచ్చారు. 1620లలో వే చోంగ్‌షియాన్ అనే నపుంసకుడు చక్రవర్తి పేరుతో దేశాన్ని ఆడించాడు. పదవిలో ఉన్న మంత్రి మీద ఫిర్యాదు చేయడానికి ఒక దారి ఉంటుంది. పదవే లేకుండా అధికారం నడిపేవాడి మీద ఫిర్యాదు ఎవరికి చేయాలి?

అదే చైనాలో హోంగ్వూకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందు తాంగ్ వంశపు తైజోంగ్ చక్రవర్తికి వే జెంగ్ అనే మంత్రి ఉండేవాడు. ముఖం మీదే తప్పు చెప్పడం ఆయనకు అలవాటు. చక్రవర్తికి కోపం వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. అయినా 643లో వే జెంగ్ చనిపోయినప్పుడు, తన తప్పులు చూపించే అద్దం పోయిందని తైజోంగ్ బాధపడ్డాడు. హోంగ్వూ, తైజోంగ్ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చెబితే ఏ పిల్లవాడికైనా అర్థమవుతుంది.

శివాజీ అష్టప్రధాన మండలి విషయానికొస్తే, పిల్లలకు ఎనిమిది పేర్లు వస్తాయి కానీ అసలు ఏర్పాటు తెలియదు. ఆ పదవులు వంశపారంపర్యం కావు. జీతం డబ్బు రూపంలో. జాగీర్లు ఇస్తే మంత్రి తన జాగీరు ప్రయోజనం చూసుకుంటాడన్న జాగ్రత్త అది. న్యాయాధీశుడు, పండితరావు తప్ప మిగతా ఆరుగురూ అవసరమైతే సైన్యాన్ని నడపాలి. శివాజీ తర్వాత ఈ జాగ్రత్తలు సడలిపోయాయి. పదవులు కుటుంబాల ఆస్తి అయ్యాయి. 1713లో బాలాజీ విశ్వనాథ్ పేష్వా అయ్యాక ఆ పదవి ఆయన వంశంలోనే ఉండిపోయింది. 1749లో శివాజీ మనవడు ఛత్రపతి షాహూ చనిపోయేసరికి నిజమైన పాలకుడు పేష్వానే, ఛత్రపతి పేరుకే. ఇదంతా వదిలేసి పేర్లు జతపరచమంటే ఏం లాభం?

పశ్చిమ ఆఫ్రికాలోని ఓయో రాజ్యంలో ఓయో మేసి అనే ఏడుగురి మండలికి రాజును దించే హక్కు కూడా ఉండేది. వాళ్లు తిరస్కరిస్తే రాజు ప్రాణం తీసుకోవాల్సిందే. రాజుకు ఇంతకన్నా గట్టి కళ్లెం ఎక్కడా కనిపించదు. కానీ 18వ శతాబ్దంలో ఆ మండలి పెద్ద గహా అదే హక్కును వాడుకుని రాజు తర్వాత రాజును బలితీసుకున్నాడు. 1774లో అబియోదున్ అతణ్ని కూలదోసేదాకా అది ఆగలేదు. రాజును ఆపడానికి మండలి ఉంటే సరిపోదు, మండలిని ఆపడానికి ఎవరున్నారన్నది కూడా అడగాలని ఈ ఒక్క పేరా చెబుతుంది. దీనికి మన పుస్తకంలో చోటే లేదు.

6. అర్జీ పట్టుకుని వచ్చినవాడు వెళ్లింది ఎక్కడికి?

ఇస్తాంబుల్‌లోని టోప్‌కపి కోటలో ఆటోమన్ సుల్తాన్ల సలహా మండలి అయిన దివాన్ వారంలో నాలుగు రోజులు కూర్చునేది. యుద్ధం, పన్నులు, నియామకాలతోపాటు మామూలు మనుషుల ఫిర్యాదులు వినడం కూడా దాని పని. ఏ మతంవాడైనా, దూరపు ఊరివాడైనా స్థానిక అధికారి అన్యాయం చేశాడని అక్కడికి అర్జీ తేవచ్చు. రెండో మెహ్మెద్ కాలం నుంచి సుల్తాన్లు సభలో స్వయంగా కూర్చోవడం మానేసి, పెద్ద వజీరుకు అప్పగించారు. గోడకు ఉన్న జాలీ కిటికీ వెనక నుంచి సుల్తాన్ వింటూ ఉండవచ్చు, లేకపోవచ్చు. లోపల కూర్చున్నవాళ్లకు మాత్రం ఆ సంగతి తెలియదు. రాజ్యం పెద్దదయ్యేకొద్దీ సామాన్యుడికీ రాజుకూ మధ్య ఉన్న ఒకే గుమ్మం ఇలాంటి మండలి. అది తెరిచి ఉందా, మూసి ఉందా అన్నదాన్ని బట్టే ఆ రాజ్యంలో బతుకు ఎలా ఉందో తెలుస్తుంది. రాజు కిరీటం బొమ్మ వేసినప్పుడు ఈ గుమ్మాన్ని కూడా చూపించమని అడుగుతున్నాను.

ఇవన్నీ ఎక్కడ పెడతాం, ఇప్పటికే సిలబస్ బరువెక్కువని అంటారని తెలుసు. ఆ టెన్షన్ మీకంటే మాకే ఎక్కువ, సిలబస్ పూర్తి చేయాల్సింది మేమే. అయితే పేజీలు పెంచమని నేను అడగడం లేదు. వంశవృక్షాలు, బిరుదుల జాబితాలు, ఎవరు ఎవరిని ఎక్కడ ఓడించారన్న వరుసలు కొన్ని తగ్గించినా పిల్లలకు నష్టం లేదు. ఆ మండళ్లలో ఉన్నది పెద్దలే కదా, వాళ్ల గురించి ఎందుకని ఇంకో మాట వస్తుంది. నిజమే, పెద్దలే. కూలీలు లేరు, ఆడవాళ్లు దాదాపుగా లేరు. ఎవరు లేరో చెప్పాలన్నా ముందు ఎవరున్నారో చెప్పాలి.

నా డిమాండ్లు ఇవి.

1. ఒక రాజు పాలనకు పాఠం కేటాయించిన ప్రతిచోటా ఆయన సలహా మండలి గురించి కనీసం ఒక పేరా ఉండాలి. అందులో ఎవరు కూర్చున్నారు, వాళ్లను ఎవరు నియమించారు, ఎవరు తీసేయగలరు, వాళ్లకు ఆదాయం ఎక్కడి నుంచి వచ్చింది అన్నవి ఉండాలి. ఆధారం దొరకని రాజుల విషయంలో 'ఆధారాలు దొరకలేదు' అనే రాయండి. అదీ పాఠమే.

2. మూల పాఠాలు నేరుగా ఇవ్వండి. అశోకుడి ఆరో బండ శాసనం, జునాగఢ్ శాసనంలో కట్ట గురించిన భాగం, అర్థశాస్త్రంలో మంత్రుల సంఖ్య గురించిన భాగం. ఈ మూడూ తేలిక తెలుగులో ఒక్కొక్కటి అరపేజీ మించవు.

3. మండళ్లు విఫలమైన సందర్భాలు తప్పకుండా ఉండాలి. 1349 ఆజ్ఞ లాంటిది ఒక్కటైనా, దానివల్ల కూలివాళ్లకు ఏమైందో సహా.

4. పరీక్ష ప్రశ్నలు మారాలి. ఇది జరగకపోతే పైవన్నీ వృథా, ఎందుకంటే పరీక్షలో రానిది తరగతిలో ఎవరూ చదవరు. 'అష్టప్రధానుల పేర్లు రాయండి' బదులు 'ఆ పదవులు వంశపారంపర్యం కావడం వల్ల వచ్చిన మార్పేమిటి?' అని అడగండి. 'సుదర్శన తటాకాన్ని ఎవరు బాగుచేయించారు?' బదులు 'సచివులు ఎందుకు వద్దన్నారు? మీరైతే ఏం సలహా ఇచ్చేవారు?' అని అడగండి. ఇలాంటి జవాబులు దిద్దడానికి టీచర్లకు టైమ్ ఎక్కువ పడుతుంది. పడనివ్వండి. దానికి తగ్గట్టు మూల్యాంకనానికి రోజులు ఇవ్వండి.

5. మీ కమిటీ కూడా ఒక సలహా మండలే. అందులో తరగతి గదిలో చరిత్ర చెప్పే టీచర్లు ఎంతమంది ఉన్నారో ప్రకటించండి. పాఠం మీద వచ్చిన అభ్యంతరాలు, వాటికి మీరిచ్చిన జవాబులు, సభ్యుల్లో ఎవరైనా విభేదిస్తే ఆ విషయం, అన్నీ అందరూ చదవగలిగేలా పెట్టండి. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి అడగడం లేదు. లక్షల మంది పిల్లలు చదివే పుస్తకంలో ఏది ఉండాలో, ఏది పోవాలో తేలిన గదిలో ఏం మాట్లాడుకున్నారో తెలుసుకునే హక్కు ఆ పిల్లల తల్లిదండ్రులకు ఉంది.

వచ్చే ముద్రణకు ప్రూఫులు ఖరారు కాకముందే ఈ లేఖకు రాతపూర్వక జవాబు కోరుతున్నాను. ఒప్పుకుంటే ఏ పాఠంలో ఏం మారుస్తారో చెప్పండి. ఒప్పుకోకపోతే ఏ డిమాండును ఏ కారణంతో కాదంటున్నారో ఒక్కొక్కదానికీ విడిగా రాయండి. రెండో డిమాండులోని మూడు భాగాలకు తేలిక తెలుగు పాఠాన్ని తయారుచేసి, మీ నిపుణుల పరిశీలనకు ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. దానికి పారితోషికం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక హైస్కూల్ సోషల్ టీచర్